ఇల్లు పిల్లల పేర రాసే ముందు ఎల్డర్ లా అటార్నీని ఎందుకు కలవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ నాన్నగారికి 78, అమ్మగారికి 74. న్యూజెర్సీలో ముప్ఫయ్యేళ్లుగా ఉంటున్నారు, ఇద్దరూ సిటిజన్లు. విల్లు ఎప్పుడో రాసి పెట్టారు. ఈ మధ్య నాన్నగారికి కొంచెం మతిమరుపు మొదలైంది. "ఇల్లు నీ పేర రాసేస్తాను, రేపు నర్సింగ్ హోమ్ ఖర్చుకు పోకుండా ఉంటుంది" అంటున్నారు. ఆ పని ఆన్‌లైన్ ఫారంతో అయిపోతుందా, లేక ఎల్డర్ లా అటార్నీకి, అంటే పెద్దవాళ్ల ఆస్తి, కేర్ వ్యవహారాలు చూసే లాయరుకు డబ్బు పెట్టాలా అని అడిగారు.

నేను పదహారేళ్లుగా ఎల్డర్ లా ఆఫీసులో పారాలీగల్‌గా పని చేస్తున్నాను. అటార్నీని కాను, కాబట్టి దీన్ని లీగల్ సలహాగా తీసుకోకండి. కానీ మీలాంటి కుటుంబాల కాగితాలు రోజూ నా చేతుల మీదుగానే వెళ్తాయి. అందుకని నా జవాబు ముందే చెప్పేస్తాను. డీడ్ (ఇల్లు ఎవరిదో చెప్పే దస్తావేజు) మీద ఇప్పుడే సంతకం పెట్టించకండి. అటార్నీ దగ్గరికి మాత్రం ఈ నెలలోనే వెళ్లండి.

విల్లు ఉంది కదా అన్న ధైర్యం చాలామందిలో చూస్తాను. విల్లు మనిషి పోయాక పని చేస్తుంది. కానీ మనిషి బతికే ఉండి, తన వ్యవహారాలు తాను చూసుకోలేని కాలం ఒకటి వస్తుంది. అది ఆరు నెలలో పదేళ్లో ఎవరూ చెప్పలేరు. ఆ కాలంలో చెక్కు మీద సంతకం ఎవరు పెట్టాలి? డాక్టరుతో ఎవరు మాట్లాడాలి? నర్సింగ్ హోమ్ బిల్లు ఎక్కణ్ణించి కట్టాలి? ఇంట్లో మిగిలిన రెండో మనిషి దేంతో బతకాలి? వీటిలో ఒక్కదానికీ విల్లులో జవాబు ఉండదు. ఎల్డర్ లా అటార్నీ పనంతా ఆ కాలం గురించే.

ముందు ఇంటి సంగతి చూద్దాం, ఎక్కువ నష్టం జరిగేది అక్కడే.

65 దాటినవాళ్లకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఉంది కాబట్టి నర్సింగ్ హోమ్ ఖర్చు అదే చూసుకుంటుందని చాలామంది అనుకుంటారు. మెడికేర్ ఇచ్చేది ఆస్పత్రి తర్వాత కోలుకోవడానికి నర్సులు, థెరపిస్టులు చేసే స్కిల్డ్ కేర్‌కు మాత్రమే. అది కూడా ఒక్కో బెనిఫిట్ పీరియడ్‌లో గరిష్ఠంగా 100 రోజులు. మొదటి 20 రోజులు పూర్తిగా ఇస్తుంది, ఆ తర్వాత రోజుకింత అని మనమూ కట్టాలి. ఒరిజినల్ మెడికేర్‌లో దానికి ముందు ఆస్పత్రిలో ఇన్‌పేషెంట్‌గా మూడు రోజులు ఉండి ఉండాలి. మంచం మీద నాలుగు రోజులు పడుకున్నా ఆస్పత్రి రికార్డులో 'అబ్జర్వేషన్' అని రాసి ఉంటే ఆ రోజులు లెక్కలోకి రావు. కాబట్టి ఎప్పుడైనా నాన్నగారిని ఆస్పత్రిలో చేర్చితే, ఇన్‌పేషెంటా అబ్జర్వేషనా అని మొదటి రోజే అడగండి. స్నానం, భోజనం, బట్టలు వేయడం లాంటి రోజువారీ సాయం ఏళ్ల తరబడి కావాలంటే మెడికేర్ ఇవ్వదు. అక్కణ్ణించి సొంత డబ్బు, లేదా లాంగ్ టర్మ్ కేర్ ఇన్సూరెన్స్, లేదా ఆదాయం, ఆస్తి తక్కువ ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్.

మెడికెయిడ్‌కు దరఖాస్తు పెట్టినప్పుడు వెనక్కి 60 నెలల లావాదేవీలు చూస్తారు. ఆ ఐదేళ్లలో ఊరికే ఇచ్చేసిన ఆస్తి ఏదైనా ఉంటే, దాని విలువను ఆ రాష్ట్రంలో నర్సింగ్ హోమ్‌కు నెలకు అయ్యే సగటు ఖర్చుతో భాగిస్తారు. ఎన్ని నెలలు వస్తే అన్ని నెలలు మెడికెయిడ్ ఇవ్వదు. లెక్క తేలిక కోసం 3,60,000 డాలర్ల ఇల్లు, నెలకు 12,000 ఖర్చు అనుకుంటే, 30 నెలలు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ 30 నెలలు ఇల్లు రాసిచ్చిన రోజు నుంచి మొదలవవు. చేతిలో డబ్బు అయిపోయి, నర్సింగ్ హోమ్‌లో చేరి, ఈ బదిలీ తప్ప మిగతా అన్ని విధాలా మెడికెయిడ్‌కు అర్హులై దరఖాస్తు పెట్టాక మొదలవుతాయి. అంటే కట్టడానికి ఏమీ మిగలని రోజు నుంచి లెక్క మొదలవుతుంది. 2006కు ముందు ఈ నియమం ఇంత కఠినంగా లేదు. అప్పట్లో ఎవరికో పని జరిగిందని విని ఇప్పుడు అదే చేయబోయి ఇరుక్కున్న వాళ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటారు.

ఒక దంపతులు నాకు ఎప్పటికీ గుర్తుంటారు. కౌంటీ ఆఫీసుకు వెళ్లి, ఎవరినీ అడగకుండా ఇల్లు కొడుకు పేర రాసేశారు. మూడేళ్లకు ఆయనకు స్ట్రోక్ వచ్చింది. అప్పటికి కొడుకు విడాకుల కేసులో ఉన్నాడు, ఇల్లు తిరిగి ఇచ్చేద్దామన్నా ఇవ్వలేని పరిస్థితి. ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు. ఇల్లు మీ పేర ఉందంటే మీ అప్పులు, మీ విడాకులు, మీ యాక్సిడెంట్ కేసులు అన్నీ ఆ ఇంటి మీదికి రాగలవు. ఆ పెద్దావిడ మా ఆఫీసులో కూర్చుని "మేం వాడి కోసమే చేశాం కదమ్మా" అని నాలుగైదు సార్లు అన్నారు. ఆమెకు చెప్పడానికి నా దగ్గర మాట లేకపోయింది.

నిజానికి అమ్మగారు ఆ ఇంట్లో ఉన్నంతకాలం నాన్నగారి మెడికెయిడ్ అర్హతకు ఆ ఇల్లు అడ్డం కాదు. భార్యాభర్తలలో ఒకరు నర్సింగ్ హోమ్‌కు వెళ్తే ఇంకొకరు రోడ్డున పడకూడదని 1988లో చట్టం చేశారు. ఇద్దరి ఆస్తులూ కలిపి లెక్క కట్టి, అందులో సగం దాకా ఇంట్లో ఉన్న మనిషికి ఉంచుతారు, ఒక గరిష్ఠ పరిమితితో. 2025లో ఆ పరిమితి 1,57,920 డాలర్లు, ఏటా మారుతుంది. లోపలికి వెళ్లే మనిషి పేర మాత్రం చాలా రాష్ట్రాల్లో 2,000 డాలర్లకు మించి ఉండకూడదు. భార్యాభర్తలు ఒకరికొకరు ఆస్తి బదలాయించుకుంటే పెనాల్టీ లేదు. కాబట్టి నాన్నగారి పేరు తీసేసి ఇల్లు అమ్మగారి ఒక్కరి పేర పెట్టడమే మీ విషయంలో సరైన మొదటి అడుగు కావచ్చు. మీ పేర రాయడం కాకపోవచ్చు. చూశారా, నాన్నగారి ఉద్దేశం సరైనదే. తేడా ఎవరి పేర రాయాలన్న దగ్గరే.

అయితే మనిషి పోయాక, 55 ఏళ్లు దాటినవాళ్ల మీద పెట్టిన మెడికెయిడ్ ఖర్చును రాష్ట్రం వాళ్ల ఆస్తి నుంచి తిరిగి వసూలు చేసుకుంటుంది. 1993 నుంచి ఇది అన్ని రాష్ట్రాలకూ తప్పనిసరి. ఏ ఆస్తి దాకా చేయి చాచవచ్చన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఫ్లోరిడా, టెక్సస్, మిషిగన్‌లలో 'లేడీ బర్డ్ డీడ్' అని ఒక పద్ధతి ఉంది, బతికున్నంతకాలం ఇల్లు పూర్తిగా పెద్దవాళ్ల చేతిలోనే ఉంటుంది, పోయాక వాళ్లు రాసినవాళ్లకు వెళ్తుంది. డాలస్‌లో ఉన్న మీ కజిన్ అది చేయించుకుని బాగుందని చెప్పినా, అదే కాగితం మీ రాష్ట్రంలో పని చేస్తుందని అనుకోవద్దు. ఆన్‌లైన్ ఫారం మీద నాకు నమ్మకం లేకపోవడానికి ఇదే పెద్ద కారణం.

పిల్లలకు రాసినా పెనాల్టీ పడని సందర్భాలూ ఉన్నాయి. తల్లి లేదా తండ్రి నర్సింగ్ హోమ్‌కు వెళ్లడానికి ముందు కనీసం రెండేళ్లు అదే ఇంట్లో ఉండి, వాళ్లను చూసుకుని, అందువల్ల నర్సింగ్ హోమ్ అవసరం ఆలస్యమైందని చూపించగలిగిన కొడుక్కో కూతురికో ఇల్లు రాయవచ్చు. అంగవైకల్యం ఉన్న పిల్లలకూ రాయవచ్చు. మీరు వాళ్లతోనే ఉంటున్నారో లేదో రాయలేదు. ఉంటుంటే ఇది అటార్నీకి మొదటే చెప్పండి. డాక్టర్ లెటర్లు, మీ అడ్రస్‌కు రుజువులు ఇప్పటి నుంచే దాచి పెట్టండి.

పన్ను లెక్క కూడా ఉంది. 1996లో 1,60,000 డాలర్లకు కొన్న ఇల్లు ఇప్పుడు 5,60,000 అనుకుందాం. నాన్నగారు బతికుండగా మీకు రాసిస్తే వాళ్ల పాత కొనుగోలు ధరే మీకూ వస్తుంది. మీరు అందులో ఉండకుండా అమ్మితే నాలుగు లక్షల లాభం మీద పన్ను లెక్క మొదలవుతుంది. వారసత్వంగా వస్తే, వాళ్లు పోయిన రోజు ఉన్న విలువే మీ కొనుగోలు ధర అవుతుంది. ఇంకొక అపోహ. "ఏడాదికి 19,000 దాకా ఇవ్వొచ్చట కదా" అని ప్రతి నెలా ఎవరో ఒకరు అడుగుతారు. అది 2025 గిఫ్ట్ టాక్స్ పరిమితి, పన్ను శాఖ ఐఆర్ఎస్ సంగతి. మెడికెయిడ్‌కు దాంతో సంబంధం లేదు. మనవరాలి కాలేజీకని ఇచ్చిన 19,000 కూడా ఐదేళ్ల లెక్కలో ఊరికే ఇచ్చేసిన డబ్బే.

ఇక పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున వ్యవహారాలు చూసే అధికారం ఇంకొకరికి ఇచ్చే కాగితం. ఇల్లు కన్నా ముందు చేయించాల్సింది ఇదే.

నేను ఈ పనిలోకి రాకముందు మా నాన్నకు ఒక ఫారం నేనే డౌన్‌లోడ్ చేసి, నింపి, నోటరీ చేయించాను. పని అయిపోయిందనుకున్నాను. తర్వాత ఆయనకు డిమెన్షియా ముదిరింది. బ్యాంకుకు ఆ కాగితం తీసుకెళ్తే ఒప్పుకోలేదు. మా అమ్మ పేరకు ఇల్లు మార్చాలంటే అందులో ఆ అధికారమే రాసి లేదు. అప్పటికి కొత్త కాగితం మీద సంతకం పెట్టే స్థితిలో ఆయన లేరు. చివరికి ఆయన వ్యవహారాలు చూసే అధికారం కోసం కోర్టులో గార్డియన్‌షిప్ కేసు వేయాల్సి వచ్చింది. డాక్టర్ల సర్టిఫికెట్లు, ఆయన తరఫున కోర్టు పెట్టిన వేరే లాయరు, నెలల తరబడి వాయిదాలు, వేల డాలర్లు. డబ్బు సంగతి మర్చిపోవచ్చు. మా నాన్న నలభయ్యేళ్లు లెక్కల మాస్టారు. ఆయన ఇక తన వ్యవహారాలు చూసుకోలేరని కోర్టులో చదువుతుంటే, పక్కన కూర్చుని మా అమ్మ చెయ్యి పట్టుకుని విన్నాను. ఒక్క సరైన కాగితం ముందే ఉండుంటే ఆ రోజు వచ్చేది కాదు. నేను ఈ ఆఫీసులో చేరింది ఆ తర్వాతే.

అందుకని పవర్ ఆఫ్ అటార్నీలో ఏముండాలో కొంచెం వివరంగా చెప్తాను. అది 'డ్యూరబుల్' అయి ఉండాలి, అంటే మనిషికి తెలివి తప్పిన తర్వాత కూడా చెల్లేలా ఉండాలి. ఆస్తి బహుమతిగా ఇవ్వడం, ట్రస్ట్ పెట్టడం, బెనిఫిషియరీని మార్చడం లాంటి పెద్ద అధికారాలు చాలా రాష్ట్రాల్లో విడిగా రాస్తేనే వస్తాయి. "అన్ని పనులూ చేయవచ్చు" అని ఒక్క వాక్యం రాస్తే రావు. మెడికెయిడ్ ప్లానింగ్‌కు సరిగ్గా ఇవే కావాలి. మరోవైపు, ఈ అధికారాలతోనే పెద్దవాళ్లను దోచుకునే పిల్లలూ ఉన్నారు. కాబట్టి ఎంత ఇవ్వాలి, ఎవరికి లెక్క చెప్పాలి, మొదటి మనిషి చేయలేకపోతే తర్వాత ఎవరు అన్నవి కూర్చుని ఆలోచించి రాయాలి. వైద్యం విషయంలో నిర్ణయాలకు 'హెల్త్ కేర్ ప్రాక్సీ' అని వేరే కాగితం ఉంటుంది, అది కూడా అప్పుడే చేయించండి. సోషల్ సెక్యూరిటీ వాళ్లు పవర్ ఆఫ్ అటార్నీని అసలు ఒప్పుకోరు. వాళ్ల దగ్గర 'రిప్రజెంటేటివ్ పేయీ' (ఆయన తరఫున ఆ డబ్బు తీసుకుని చూసే మనిషి) అని వేరే పద్ధతి. అయితే 2020 నుంచి, నాకు అవసరమైనప్పుడు ఫలానా వాళ్లను పెట్టండి అని ముగ్గురి పేర్ల దాకా ముందే చెప్పి పెట్టుకోవచ్చు. ఇది ఉచితం, నాన్నగారి చేత ఈ వారమే చేయించవచ్చు.

మీరు రాయలేదు కానీ, మనవాళ్లలో చాలామందికి ఇండియాలో ఒక ప్లాటో కాస్త పొలమో ఉంటుంది. మెడికెయిడ్ దరఖాస్తులో ఆస్తి ఎక్కడున్నా చెప్పాల్సిందే. అక్కడ తమ్ముడి పేర రాసేసినా అది బదిలీయే. ఇంతకన్నా ముఖ్యమైంది ఇంకోటి ఉంది. ఇక్కడి డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీని నమ్ముకుని, రేపు నాన్నగారికి తెలియని స్థితి వచ్చినా అక్కడి స్థలం అమ్మవచ్చని అనుకోకండి. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అధికారం ఇచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ ఏజెన్సీ అక్కడితో ముగుస్తుంది. అక్కడి ఆస్తి గురించి ఏం చేయాలన్నా ఆయనకు తెలివి ఉండగానే చేయాలి. ఇక్కడ రాసిన పవర్‌కు అపోస్టిల్ (విదేశంలో చెల్లేందుకు వేసే ప్రభుత్వ ధ్రువీకరణ) గానీ కాన్సులేట్ ధ్రువీకరణ గానీ కావాలి, ఇండియాకు చేరాక మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఇక్కడి అటార్నీకి ఇది తెలియకపోవచ్చు. అక్కడ వేరే వకీలును పెట్టుకోవాల్సిందే.

అమ్మానాన్నలను గ్రీన్ కార్డు మీద తెచ్చుకుని ఇది చదువుతున్నవాళ్లకు ఒక మాట. మీ లెక్కలు వేరు. పని చరిత్ర లేని 65 దాటినవాళ్లు గ్రీన్ కార్డుతో ఇక్కడ ఐదేళ్లు వరుసగా ఉంటే గానీ మెడికేర్ కొనుక్కోలేరు. మెడికెయిడ్‌కు కూడా 1996 చట్టం ప్రకారం మామూలుగా ఐదేళ్లు ఆగాలి. స్పాన్సర్‌గా మీరు సంతకం పెట్టిన ఐ-864 ఫారం (వాళ్ల పోషణ చూసుకుంటానన్న హామీ) బాధ్యత సాధారణంగా వాళ్లు సిటిజన్లు అయ్యేదాకా, లేదా 40 క్వార్టర్ల (సుమారు పదేళ్ల) పని లెక్కకు వచ్చేదాకా ఉంటుంది. ఇమ్మిగ్రేషన్ కూడా తెలిసిన ఎల్డర్ లా అటార్నీని వెతకండి.

ఇప్పుడు మీకు కొంచెం ఇబ్బందిగా అనిపించే సంగతి చెప్పాలి. ఫీజు మీరు కట్టినా సరే, అటార్నీకి క్లయింట్ మీరు కాదు. మీ అమ్మగారు, నాన్నగారు. మంచి అటార్నీ అయితే మొదటి మీటింగులోనే మిమ్మల్ని కాసేపు బయట కూర్చోమంటారు. చాలామంది పిల్లలు దానికి నొచ్చుకుంటారు, "మా నాన్నకు నాకు తెలియని రహస్యాలేముంటాయి" అంటారు. నొచ్చుకోకండి. ఒకావిడ, ఎనభై దాటినావిడ, కొడుకు ముందు అన్నింటికీ "వాడి ఇష్టమే నా ఇష్టం" అన్నారు. ఆయన బయటికి వెళ్లగానే, "నాకు వాళ్లింటికి వెళ్లాలని లేదు, నా ఇంట్లోనే పోవాలని ఉంది, వాడితో ఎలా చెప్పాలో తెలియట్లేదు" అన్నారు. తర్వాత అటార్నీ ఇద్దరినీ కూర్చోబెట్టి ఆ మాట మెల్లగా బయటికి తెచ్చారు. ఇంట్లోనే కేర్ వచ్చే ప్రోగ్రామ్‌కు దరఖాస్తు పెట్టాం. ఆవిడ ఇంకో నాలుగేళ్లు తన వంటింట్లోనే ఉన్నారు. కొడుకు ఆఫీసుకు వచ్చి, అమ్మ మనసులో ఏముందో తనెప్పుడూ అడగలేదని బాధపడ్డారు. ఇంకో ఉపయోగం కూడా ఉంది. రేపు మీ తోబుట్టువులెవరైనా "నాన్న చేత బలవంతంగా రాయించుకున్నావు" అంటే, ఆయన విడిగా తన మాట చెప్పారనడానికి ఆ అటార్నీ నోట్సే మీకు అండ.

నర్సింగ్ హోమ్‌లో చేర్చే రోజు మీ ముందు పెట్టే కాంట్రాక్టులో 'రెస్పాన్సిబుల్ పార్టీ' అని ఒక గీత ఉంటుంది. చదవకుండా సంతకం పెట్టకండి. మీ సొంత జేబు నుంచి కడతానని హామీ ఇమ్మని అడగడానికి ఫెడరల్ నియమాలు ఒప్పుకోవు. నాన్నగారి డబ్బుతో, ఆయన తరఫున మాత్రమే మీరు సంతకం పెట్టాలి. నాన్నగారు ఎప్పుడైనా అమెరికా సైన్యంలో పని చేసి ఉంటే వెటరన్స్ పెన్షన్ సంగతి వేరే ఉంది, దానికి ఆస్తి బదిలీలను మూడేళ్లు వెనక్కి చూస్తారు.

అందరికీ అటార్నీ తప్పనిసరి అని నేను అనను. ఇల్లూ పెద్ద ఆస్తీ లేక, సోషల్ సెక్యూరిటీ మీదే బతికేవాళ్లకు మంచి పవర్ ఆఫ్ అటార్నీ, హెల్త్ కేర్ ప్రాక్సీ ఉంటే చాలావరకు సరిపోతుంది. ఫీజు భారమైతే, 1965 నాటి ఓల్డర్ అమెరికన్స్ యాక్ట్ కింద 60 దాటినవాళ్లకు ఉచిత లీగల్ సాయం ఉంది, అవసరం ఎక్కువ ఉన్నవాళ్లకు ముందు ఇస్తారు. ఎల్డర్‌కేర్ లొకేటర్‌కు 1-800-677-1116 నంబరులో ఫోన్ చేస్తే మీ కౌంటీలో ఎవరిని అడగాలో చెప్తారు. మీకు మాత్రం ఇల్లు ఉంది, దంపతులిద్దరూ ఉన్నారు, ఒకరికి మతిమరుపు మొదలైంది. అటార్నీ కచ్చితంగా అవసరమైన పరిస్థితే ఇది.

ఎంచుకునేటప్పుడు ఎస్టేట్ ప్లానింగ్ చేస్తామనే వాళ్లందరినీ ఒకటే అనుకోకండి. బాగా డబ్బున్న వాళ్ల పన్నులు చూసే లాయరుకు మెడికెయిడ్ దరఖాస్తు ఎలా నింపాలో తెలియకపోవచ్చు. "పోయిన ఏడాది ఎన్ని మెడికెయిడ్ దరఖాస్తులు చేశారు?" అని ఫోన్‌లోనే అడగండి. నేషనల్ ఎల్డర్ లా ఫౌండేషన్ ఇచ్చే సర్టిఫికేషన్ ఉంటే మంచిది, కనీసం ఐదేళ్ల ప్రాక్టీసు ఉండి, పరీక్ష పాసైతే గానీ అది రాదు. ఫీజు గంటకా, మొత్తం పనికి కలిపి ఒకటేనా అన్నది ముందే రాతలో తీసుకోండి. ట్రస్టులు అమ్మడానికి ఉచిత డిన్నర్ సెమినార్లు పెట్టేవాళ్ల దగ్గర ఆ రోజే ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి.

ఇక నాన్నగారి మతిమరుపు. దాని పేరు వింటేనే ఇక సంతకాలు చెల్లవని భయపడి ఆగిపోయే కుటుంబాలున్నాయి. డిమెన్షియా అని డాక్టరు రాసినంత మాత్రాన సంతకం పెట్టే హక్కు పోదు. సంతకం పెట్టే సమయానికి తను ఏం చేస్తున్నాడో, ఎవరికి ఏ అధికారం ఇస్తున్నాడో ఆయనకు అర్థమైతే చాలు. అది తేల్చడం అటార్నీ పని, అవసరమైతే డాక్టరును అడుగుతారు. చాలామంది పెద్దవాళ్లు పొద్దున పూట చురుగ్గా ఉండి, సాయంత్రానికి గందరగోళపడతారు. నాన్నగారికి ఏ వేళ బాగుంటుందో అమ్మగారిని అడిగి, ఆ వేళకే అపాయింట్‌మెంట్ తీసుకోండి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటి డీడ్, పాత విల్లు, ఇన్సూరెన్స్ కాగితాలు మీరు పట్టుకెళ్లండి. ఆయన కళ్లజోడు, హియరింగ్ ఎయిడ్ ఉంటే అదీ మర్చిపోకండి. సరిగ్గా వినపడక తడబడితే, అర్థం కాక తడబడ్డారని ఎదుటివాళ్లు అనుకునే ప్రమాదం ఉంది.